కాటా ఉంటే చాలు: నీళ్లను లీటర్ల నుంచి కిలోలకీ, కిలోల నుంచి లీటర్లకీ మార్చుకోవడం

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. ఒక లీటరు నీళ్లు ఒక కిలో బరువు. ఒక మిల్లీలీటరు ఒక గ్రాము. వెయ్యి లీటర్లు ఒక టన్ను, ఆ వెయ్యి లీటర్ల జాగానే ఘనపు మీటరు అని కూడా అంటాం. ఇంట్లోనైనా పొలంలోనైనా మేడ మీదైనా నీళ్ల లెక్కకి ఇంతకు మించి అక్కర్లేదు, ఫోన్ తీసి కన్వర్టర్ వెతుక్కోనక్కర్లేదు. ఈ ముక్క బడిలో అందరం చదివిందే, కానీ వంటింట్లోనూ ఆస్పత్రిలోనూ స్లాబు మీదా అవసరం పడినప్పుడు గుర్తు రాదు. ఎక్కడ వాడుకోవచ్చో, ఎక్కడ వాడితే లెక్క తప్పుతుందో రెండూ చెబుతాను.

ఒకటికి ఒకటి ఇంత చక్కగా కుదరడం ఏదో అదృష్టం కాదు. 1795లో ఫ్రాన్స్‌లో మెట్రిక్ చట్టం చేసినప్పుడు ఒక ఘనపు సెంటీమీటరు నీటి బరువునే గ్రాము అన్నారు, ఆ తర్వాత 1799లో కిలో దిమ్మను నీళ్లు అన్నిటికంటే చిక్కగా ఉండే 4 డిగ్రీల సెల్సియస్ లెక్కతో తయారు చేశారు. అంటే నీళ్లను చూసే కిలోను తయారు చేశారన్నమాట. 2019 మే 20 నుంచి కిలో నిర్వచనం ప్లాంక్ స్థిరాంకం (భౌతికశాస్త్రంలో ఎప్పుడూ మారని ఒక అంకె) మీదకి మారిపోయింది, నీళ్లతో దానికి చట్టపరంగా సంబంధం లేదు. అయినా మన చెంబులో నీళ్లకి ఏ తేడా రాలేదు.

ఇక పనిలోకి వద్దాం. ఇంట్లో ఏ గిన్నె ఎంత పడుతుందో తెలుసుకోవడానికి కొలత గ్లాసు కొనక్కర్లేదు, వంటింటి కాటా ఒకటి ఉంటే సరిపోతుంది. ఖాళీ గిన్నెను బయటంతా పొడిగా తుడిచి కాటా మీద పెట్టండి, సున్నా చేసే బటన్ నొక్కండి, నీళ్లు పోయండి. కాటా 640 గ్రాములు చూపిస్తే ఆ గిన్నె 640 మిల్లీలీటర్లు పడుతుంది, అంతే. ఒక్క జాగ్రత్త ఉంది: నిండుగా పోసేటప్పుడు నీళ్లు అంచు దాటి కొంచెం ఉబ్బి నిలబడతాయి, ఒలికిపోవు కూడా, వెడల్పు మూతి గిన్నెకైతే ఆ ఉబ్బులోనే చాలా మిల్లీలీటర్లు ఎక్కువ పడిపోతాయి. పక్క నుంచి చూస్తే నీటి మట్టం అంచుతో సమంగా ఉన్నప్పుడే ఆపేయండి. పైన ఫ్యాను తిరుగుతుంటే చివరి అంకె నిలవదు, ఆ నిమిషం ఫ్యాను ఆపండి. ఇంటి కాటాలు ఎక్కువగా 5 కిలోల వరకో 10 కిలోల వరకో తూగుతాయి కాబట్టి పెద్ద గుండిగను దాని మీదకి ఎక్కించకండి, ముందు ఒక చిన్న గిన్నెను తూచి పెట్టుకుని దానితో ఎన్నిసార్లు పోస్తే గుండిగ నిండిందో లెక్కపెట్టుకుంటే సరి.

ఈ పద్ధతి నాకు అన్నిటికంటే పనికొచ్చింది పాత కొలతల దగ్గర. మన శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో చాలా ఇళ్లలో ఇంకా అమ్మమ్మల నాటి గిద్ద, సోల, తవ్వ, మానిక అటక మీద ఉన్నాయి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. ఈ వరస బాగానే ఉంది కానీ ఒక ఊరి తవ్వ ఇంకో ఊరి తవ్వతో కచ్చితంగా సరిపోవాలని లేదు, అందుకే ఎక్కడో చదివిన మిల్లీలీటర్ల అంకెను మీ ఇంటి తవ్వకి తగిలించొద్దు. మీ తవ్వను మీరే నీళ్లతో తూచి, వచ్చిన అంకెను ఒక కాగితం మీద రాసి వంటింటి అలమర తలుపు లోపల అంటించేయండి. సోల కూడా ఉంటే అదీ తూచండి, తవ్వెడు నీళ్ల బరువు సోలెడు నీళ్లకి రెట్టింపు వస్తే రెండూ ఒకే జతలోవి అని తెలుస్తుంది, రాకపోతే ఎక్కడో ఒకటి మారిపోయిందన్నమాట. అరిసెల పాకానికీ పులిహోరకీ అత్తగారు తవ్వల్లో చెప్పిన కొలతలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న పిల్లలకి చెప్పాలంటే ఇదొక్కటే నమ్మకమైన దారి.

అయితే ఇక్కడే చాలామంది పొరపడతారు. తవ్వెడు నీళ్లు ఇన్ని గ్రాములని తెలిసింది కదా అని తవ్వెడు బియ్యం కూడా అన్నే గ్రాములు అనుకోకూడదు. గింజల మధ్య గాలి ఉంటుంది, అందుకే పావు లీటరు గ్లాసులో బియ్యం దాదాపు 200 గ్రాములే పడతాయి. పైగా ధాన్యం, బియ్యం గోపురంలా పొంగించి కొలవడం మన అలవాటు, నీళ్లకి ఆ వీలు లేదు. నీళ్లతో తెలిసేది గిన్నె ఎంత పడుతుందన్నది మాత్రమే, బియ్యం బరువు కావాలంటే బియ్యాన్నే తూచాలి.

కొలత గీతలు కావాలనుకుంటే ఒక ప్లాస్టిక్ మగ్గు తీసుకుని 250 గ్రాముల నీళ్లు పోసి బయట నెయిల్ పాలిష్‌తో గీత పెట్టండి, మళ్లీ 500 దగ్గర ఒకటి, 750 దగ్గర ఒకటి. గీత పెట్టేటప్పుడు మగ్గును సమంగా ఉన్న చోట ఉంచి, కళ్లు నీటి మట్టానికి తెచ్చి చూడాలి, పైనుంచి వంగి చూస్తే గీత తప్పుతుంది. లీటరు నీళ్లలో కలపమన్న ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇంట్లో ఉండి, లీటరు కొలత లేక "ఆ సుమారుగా పోసేద్దాం" అనుకునే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. దయచేసి సుమారుగా వద్దు, ముఖ్యంగా చిన్నపిల్లలకి. నీళ్లు తక్కువైతే ఉప్పు శాతం పెరిగి ప్రమాదం, ఎక్కువైతే మందు పలచబడిపోతుంది. కాచి చల్లార్చిన నీళ్లు ఒక కిలో తూచి పోసి, ప్యాకెట్ మొత్తం అందులో వేయండి.

పిల్లల పాల సీసాల మీద ఔన్సులు ఉంటాయి, అవి బరువు ఔన్సులు కావు, ద్రవం కొలిచేవి. అమెరికా లెక్కలో ఒకటి 29.57 మిల్లీలీటర్లు, ఇంట్లో 30 అనుకోవచ్చు. బరువు ఔన్సు 28.35 గ్రాములు. కాటాలో ఔన్సుల బటన్ ఉన్నా దాని జోలికి పోకుండా గ్రాముల్లోనే చూసుకుంటే ఈ గొడవ ఉండదు. గ్యాలన్ కూడా అలాంటిదే, అమెరికా గ్యాలన్ నీళ్లు 3.785 కిలోలు, బ్రిటన్ గ్యాలన్ 4.546 కిలోలు.

ఇప్పుడు ఈ లెక్క నిజంగా ప్రాణానికి పనికొచ్చే చోటికి వస్తాను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు, కిడ్నీ జబ్బు లేని ఊరు వెతకాలి అన్నట్టు ఉంది పరిస్థితి. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి డాక్టర్లు "రోజుకి ఇంతే నీళ్లు" అని చెబుతారు, ఎంత అనేది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, అది డాక్టరే చెప్పాలి. ఇంటికొచ్చాక ఆ కొలత పాటించడమే కష్టం, గ్లాసులు లెక్కపెడితే ఏ గ్లాసు ఎంతో తెలియదు. ఒక పని చేయండి. డాక్టర్ రోజుకి లీటరు అన్నారనుకుందాం. పొద్దున్నే ఒక సీసాను కాటా మీద పెట్టి సున్నా చేసి, 1,000 గ్రాముల నీళ్లు పోసి పక్కన పెట్టండి. ఆ రోజు తాగే ప్రతి గుక్కా అందులోంచే. టీ తాగితే టీ గ్లాసెడు నీళ్లు సీసాలోంచి తీసేయాలి. చోడి (రాగి) అంబలి, గంజి, మజ్జిగ, చారు, ఐస్ ముక్క, మాత్ర వేసుకున్న నీళ్లు అన్నీ లెక్కలోకే వస్తాయి. అంబలిలో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి గిన్నెతో తూచి, వచ్చిన గ్రాములను మిల్లీలీటర్లుగా పట్టుకుంటే పెద్ద తేడా రాదు. సీసా ఖాళీ అయిందంటే ఆ రోజు కోటా అయిపోయింది. ఉద్దానంలో కొబ్బరికి లోటు లేదు కానీ కొబ్బరినీళ్లను మామూలు నీళ్లలా చూడకండి, వాటిలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ రోగులు డాక్టర్ని అడగకుండా తాగకూడదు.

డయాలసిస్ సెంటర్‌లో ముందు బరువు చూడటం, అయ్యాక మళ్లీ చూడటం ఎందుకో చాలామంది ఇంటివాళ్లకి ఎవరూ విడమరిచి చెప్పరు. అది ఈ కిలో–లీటరు లెక్కే. పోయినసారి అయ్యాక 52 కిలోలున్న మనిషి ఈసారి 54తో వస్తే, ఆ రెండు రోజుల్లో ఒళ్లు పట్టడం కాదు, సుమారు రెండు లీటర్ల నీరు చేరిందన్నమాట, మెషిన్ దాన్నే తీయాలి. ఇంట్లో రోజూ ఒకే కాటా మీద, ఒకే వేళకి, ఇంచుమించు అలాంటి బట్టలతోనే బరువు చూసి కాగితం మీద రాసుకుంటే, కాళ్ల వాపు కనబడేలోపే నీరు ఎంత చేరుతోందో తెలిసిపోతుంది. గుండె జబ్బుతో నీరు పట్టేవాళ్లకి కూడా డాక్టర్లు ఇలాగే రోజూ బరువు చూసుకోమంటారు. ఇంట్లో అలాంటివాళ్లుంటే ఈ వారమే ఒక బరువు కాటా కొనండి, దీని విలువ మందుల ఖర్చు ముందు ఏపాటి.

ఒకటికి ఒకటి అన్నది ఎంత నికరం అని అడిగేవాళ్ల కోసం కొంచెం వివరం. 4 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 999.97 గ్రాములు. మన ఎండలకి నీళ్లు 30 డిగ్రీలుంటే 995.7. ఆ పైన గాలి కొంచెం పైకి లేపడం వల్ల కాటా ఇంకో గ్రాము తక్కువ చూపిస్తుంది. అంటే లీటరుకి ఐదు గ్రాముల తేడా, ఇంటి పనికి దాన్ని వదిలేయవచ్చు. మరిగే నీళ్లు మాత్రం లీటరు 958 గ్రాములే, 4 శాతం పైనే తేడా, కాబట్టి గిన్నె కొలవడానికి వేడినీళ్లు వాడకండి. మంచుగడ్డ అయితే లీటరు జాగాలో 917 గ్రాములే పడుతుంది. ఇంకోలా చెప్పాలంటే నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం పెరుగుతాయి, ఫ్రీజర్‌లో నిండా నింపిన సీసా పగలడానికి కారణం అదే.

నీళ్లు కాని వాటి దగ్గర ఈ సూత్రాన్ని నమ్మొద్దు. పాలు లీటరు సుమారు 1,030 గ్రాములు. వంటనూనె ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి, లీటరు పక్కనే 910 గ్రాములని అచ్చు వేసి ఉంటుంది, అందుకే కిలో నూనె, లీటరు నూనె ఒకటి కావు, ధర పోల్చేటప్పుడు అది చూసుకోవాలి. తేనె లీటరు 1,400 దాకా తూగుతుంది. సముద్రం నీళ్లు మామూలుగా లీటరు సుమారు 1,025 గ్రాములు. నౌపడ ఉప్పు మళ్లలో అదే నీరు ఎండకి చిక్కబడి ఉప్పు గింజకట్టే వేళకి లీటరు 1,200 గ్రాముల దాకా వస్తుంది, బరువు చూసే అందులో ఉప్పెంతుందో చెప్పవచ్చు. పురుగుమందుల సంగతి మరీ జాగ్రత్త. లేబుల్ మీద లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు అని ఉంటే మందును మిల్లీలీటర్లలోనే కొలవండి, గ్రాములని ఉంటే తూచండి, ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చొద్దు. నీళ్ల వైపు లెక్క మాత్రం సులువే: 16 లీటర్ల స్ప్రేయర్ నిండితే నీళ్లే 16 కిలోలు, దాని మీద ట్యాంకు సొంత బరువు, ఎండలో అది వీపున మోసే మనిషిని దృష్టిలో పెట్టుకుని సగమో ముప్పావో నింపితే నష్టమేమీ లేదు, మందు కూడా ఆ లెక్కనే తగ్గించి కలిపితే సరిపోతుంది.

మేడ మీద ట్యాంకు దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఇక్కడ నీళ్లు బరువని జనానికి అనిపించదు. "నీళ్లే కదండీ, ఏటవుతాది" అంటారు మేస్త్రులు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను. పలాస వైపు వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే 80 కిలోల జీడిపిక్కల బస్తాలు పన్నెండున్నర ఒకదాని మీద ఒకటి పేర్చి రాత్రింబగళ్లు అక్కడే వదిలేసినట్టు. మామూలుగా మనుషులు ఎక్కి తిరిగే మేడ పై స్లాబుకి ఐఎస్ 875 (కట్టడాల మీద పడే బరువులకి మన దేశ ప్రమాణం) లెక్క ప్రకారం పట్టే లైవ్ లోడ్, అంటే స్లాబు సొంత బరువు కాక దాని మీదకి వచ్చే బరువు, చదరపు మీటరుకి 150 కిలోలు. మీటరు వ్యాసమున్న ట్యాంకు అడుగున పడేది చదరపు మీటరుకి 1,270 కిలోల పైమాటే. అందుకే ట్యాంకును స్లాబు నడిమధ్య పెట్టకుండా, కింద దూలాలు, స్తంభాలు ఉన్న చోట దిమ్మలు కట్టి పెట్టాలి, పాత ఇల్లయితే ఇంజనీరుకి ఒకసారి చూపించి పెట్టాలి.

అదే 150 కిలోల అంకెను వానకి పెట్టి చూడండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు, అంటే ఒక కిలో. మేడ మీద నీళ్లు పోయే గొట్టం ఆకులతో మూసుకుపోయి 15 సెంటీమీటర్ల నీరు నిలిచిందంటే చదరపు మీటరుకి 150 కిలోలు వచ్చేసినట్టే, ఇంకా మనిషి ఎక్కకుండానే. 1,200 చదరపు అడుగుల మేడ అంటే 111 చదరపు మీటర్ల చిల్లర, దాని మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 11 టన్నుల నీళ్లు. తుపాను హెచ్చరిక రాగానే గొట్టాలు శుభ్రం చేయండి, ట్యాంకు మాత్రం నిండా నింపండి. ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకును గాలి ఎత్తుకుపోతుంది, నిండుది టన్ను బరువుతో కదలదు, పైగా 2014లో హుద్‌హుద్‌కి, 2018లో తిత్లీకి కరెంటు ఎన్నాళ్లు పోయిందో అనుభవించినవాళ్లకి నిండు ట్యాంకు విలువ చెప్పక్కర్లేదు.

పొలానికైతే సెంటు లెక్క చాలా తేలిక. సెంటు 40.47 చదరపు మీటర్లు, కాబట్టి మిల్లీమీటరు వానకి సెంటు మీద 40 లీటర్లు పడతాయి, అంటే రెండు ఇరవై లీటర్ల టిన్నులు. ఎకరానికి సెంటీమీటరు వాన అంటే 40 టన్నుల నీరు. నూతికి అడుగుల్లో కొలుచుకోవచ్చు: వ్యాసాన్ని వ్యాసంతో, ఆపైన నీటి లోతుతో గుణించి, 0.785తో గుణిస్తే ఘనపు అడుగులు వస్తాయి, దాన్ని 28.3తో గుణిస్తే లీటర్లు. పది అడుగుల నూతిలో అడుగు లోతు నీళ్లుంటే 2,220 లీటర్లు, అంటే రెండుంబావు టన్నులకి దగ్గర. వరద తర్వాత నూతిలో బ్లీచింగ్ వేయడానికి వచ్చిన ఆరోగ్య సిబ్బందికి ఈ లీటర్ల అంకె చెబితే వాళ్లు గుప్పిటతో కాకుండా తూచి వేయగలరు.

ఆ 28.3 అన్నదాన్ని గుర్తుంచుకోండి, కాలువల లెక్కంతా దాని మీదే. ఒక క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపు అడుగు, అంటే 28.3 కిలోల నీళ్లు. వంశధారకి వరదొచ్చి గొట్టా బ్యారేజీ నుంచి లక్ష క్యూసెక్కులు వదులుతున్నారని చెబితే, సెకనుకి 2,830 టన్నులు కిందికి వస్తున్నాయని అర్థం, నది ఒడ్డు ఊళ్లవాళ్లు ఆ అంకెను అలా చూస్తే ఎంత త్వరగా కదలాలో తెలుస్తుంది. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు, 2,831 కోట్ల లీటర్లు, 2.83 కోట్ల టన్నులు. దాన్ని పది వేల ఎకరాల మీద సమంగా పరిస్తే 70 సెంటీమీటర్ల లోతు వస్తుంది. టీఎంసీకి పది వేల ఎకరాల వరి అని మన దగ్గర చెప్పుకునే లెక్కకి అర్థం ఇదే, మిగతా తడి వాన ఇవ్వాలి, కాలువలో ఇంకిపోయేది, ఆవిరయ్యేది ఇందులోంచే పోవాలి.